ముడుల్లేని చీర

చీర మగ్గం దిగాక మొదట దాన్ని తడిమి చూసేది సుచిత్ర. ముందు గదిలో నవారు మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, చీరను తిరగేసి, కొంగు దగ్గర అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోతుంది. పోగు తెగిన చోటల్లా మగ్గం మీద వేసిన ముడి చేతికి ఆవగింజలా తగులుతుంది. అక్కడ ఆగి, చిన్న కత్తెరతో ముడి తోకలు కత్తిరించి, గోటితో అదిమి ముందుకు జరుగుతుంది. సిద్దిపేటలోనే బీఎస్సీ చదివి, పంతొమ్మిదేళ్ల కింద ఈ నేతగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన ఏడాదే అత్త కొండవ్వ కత్తెర ఆమె చేతికిచ్చి, తన చూపు ఇంక ఆనదని చెప్పింది. అప్పటినుంచి ఒక్క చీర కూడా సుచిత్ర చెయ్యి తగలకుండా గడప దాటలేదు.

ఆ ఏప్రిల్‌లో దిగిన చీరకు మూడే ముడులు తగిలాయి.

తను ఎక్కడైనా తొందరపడిందేమోనని కొంగు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. మూడే. బయట సిమెంటు రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. పొద్దున డాబా మీద ఆరేసిన వడియాలు పదకొండు గంటలకల్లా గలగలమంటున్నాయి. గాలిలో తడి లేని ఇలాంటి రోజుల్లో పోగు మాటిమాటికీ తెగాలి, చీర నిండా ముడులు ఉండాలి. సుచిత్ర కత్తెర పక్కన పెట్టింది. మొగుడు దత్తాత్రి పనితనానికి మురిసిపోవాల్సిన మనిషికి గుండెలో గుబులు మొదలైంది.

ఎందుకో తెలియాలంటే ముందు కింది అర్ర సంగతి తెలియాలి.

అది కట్టినప్పుడు కింది అర్ర కాదు. సుచిత్ర మామ రాజమల్లయ్య పెళ్లయిన కొత్తలో కట్టుకున్న పెంకుటింటి ముందు గది అది. అప్పట్లో గడప వీధి కంటే రెండు మెట్లు ఎత్తున ఉండేదట. తర్వాత వీధిలో మొరం పోశారు, మొరం మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సిమెంటు. పోసినప్పుడల్లా వీధి జానెడు లేచింది, ఇల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. వానాకాలం వస్తే వీధి నీళ్లన్నీ ఇంట్లోకే. చివరికి కొడుకు దత్తాత్రి పెళ్లికి ముందు రాజమల్లయ్య పెంకులు దింపించి, ఆ గోడల మీదనే స్లాబు పోయించి, పైన కొత్త ఇల్లు లేపాడు. మగ్గం ఉన్న గదిని మాత్రం కదిలించలేదు. ఎనిమిది మెట్లు దిగితే ఆ అర్ర. దాని కిటికీలు ఇప్పుడు సరిగ్గా వీధిలో నడిచేవాళ్ల చెప్పుల ఎత్తున ఉన్నాయి.

వాళ్లది గుంట మగ్గం. అర్ర నడుమ నడుము లోతు గుంట. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మిగతా నేలంతా షాబాదు బండలే గానీ, గుంట లోపల ఉత్త మట్టి. ఆ మట్టి తడే నేతకు ప్రాణం. తడి లేకపోతే మగ్గం మీద నిలువునా బిగించిన పడుగు పోగులు ఎండి పుటుక్కుమంటాయి. అందుకే రాజమల్లయ్య రోజూ పొద్దున గుంటలో ఒక కడవ నీళ్లు చల్లేవాడు, కిటికీలకు తడి గోనెలు కట్టేవాడు, పైకి వచ్చే తలుపు దగ్గరగా వేసుకునేవాడు. నలభై ఏళ్లు అట్లాగే నేశాడు. ఆయన తర్వాత దత్తాత్రి కూడా అంతే. ఎండాకాలంలో ఇంటిమొత్తానికి చల్లటి జాగ అదే కావడంతో, ఇంటర్ చదివే కూతురు సింధుజ పుస్తకాలు పట్టుకుని మధ్యాహ్నాలు అక్కడే చాప వేసుకునేది.

మూడేళ్ల కింద రాజమల్లయ్యకు ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మొదట అడిగిన మాట, రోజుకు ఎన్ని బీడీలు తాగుతావని. ఆయన బీడీ ముట్టిన మనిషి కాడు. కొండవ్వ ఎంత చెప్పినా డాక్టరు నమ్మలేదు, కాగితం మీద బీడీల మాటే రాశాడు. మనిషి పోయిన బాధ ఒక ఎత్తు, ఆ రాత ఒక ఎత్తు అయింది కొండవ్వకు. ఆ కాగితాన్ని ఇంట్లో ఉండనివ్వలేదు.

ఆయన పోయిన రెండో ఏడు, హైదరాబాదు యూనివర్సిటీలో పరిశోధన చేసే శ్వేత అనే అమ్మాయి వీధిలోకి వచ్చింది. కొండపాకలో, జగదేవ్‌పూర్‌లో, సిద్దిపేటలో కొన్ని ఇళ్లు ఎంచుకుని, ఒక్కో ఇంట్లో టీ గ్లాసంత ప్లాస్టిక్ డబ్బా వేలాడదీసి పోతోంది. నేల అడుగున ఉన్న గ్రానైట్ రాతిలోంచి రాడాన్ అనే వాయువు పుడుతుందనీ, దానికి రంగూ వాసనా లేదనీ, బయట అయితే గాలిలో కలిసిపోతుంది గానీ నేల కిందుండే మూసిన గదుల్లో పేరుకుంటుందనీ, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ పుండు పడొచ్చనీ చెప్పింది. డబ్బాలోని ఫిల్ము మూడు నెలల్లో దాని లెక్క పట్టుకుంటుందట. సుచిత్రకు కాలేజీలో చదివిన పాఠం ఎక్కడో లీలగా గుర్తొచ్చింది. ఆమే శ్వేతను కింది అర్రకు తీసుకుపోయి డబ్బా కట్టించింది.

కొండవ్వ మెట్ల మీదనే నిలబడి అంతా విన్నది.

“గాలి అంటున్నవు గద బిడ్డా. గాలి అంటే గాలేనా?”

ఆమె అడిగేది దయ్యం గాలి గురించని శ్వేతకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అది కాదమ్మా, ఇది భూమిలోంచి వచ్చేదని సర్దిచెప్పబోయింది.

“భూమిలకెళ్ళే వస్తది. మా ఆయనకు అర్రల గాలి సోకిందని నేను గప్పుడే చెప్పిన. దవాఖానోళ్లు నవ్విన్రు.”

మూడు నెలల తర్వాత శ్వేత ఫలితం పట్టుకుని తనే వచ్చింది. మూడు వందలు దాటకూడని చోట పదకొండు వందల ఎనభై ఉంది. టీ ఇస్తే నిలబడే తాగింది. ఆ అర్రలో ఎవరు, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారని అడిగింది. పదకొండు గంటలని దత్తాత్రి చెప్పాడు. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టి, ముందుగా కింది అర్రలోంచి పాపను లేపండి అన్నది. సింధుజ అప్పుడు చాప మీద నిద్రపోతోంది.

బాగు చేసుకునే దారి ఉందని శ్వేత ధైర్యం చెప్పింది. బండల సందులన్నీ పూడ్చాలి. గుంట లోపల మట్టి కనిపించకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద సిమెంటు పూయాలి. నేలకు ఒక మూల బెజ్జం కొట్టి, బండల కిందికి పైపు దించి, ఆ పైపును గోడ వెంబడి డాబా పైదాకా తీసుకుపోయి, దానికి ఫ్యాన్ బిగించాలి. అది రాత్రీ పగలూ తిరుగుతూ భూమిలోని వాయువును అర్రలోకి రానివ్వకుండా పైకి గుంజి ఆకాశంలో వదిలేస్తుంది.

పని ఒప్పుకున్న శైలేందర్ ఆ వీధి ఇళ్లన్నిటికీ నల్లాలు బిగించిన మనిషి. ఇంత తతంగం ఎందుకు, కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే పోలేదా అన్నాడు. అట్లా చేస్తే అర్రలో గాలి తగ్గి, నేలలోంచి ఇంకింత గుంజుకొస్తుందని శ్వేత చెప్పిన మాట సుచిత్ర అతనికి పూసగుచ్చినట్టు వివరించింది. అతను తల గోక్కున్నాడు.

“అంటే భూమికి గ్యాస్ పట్టిందన్నట్టు. మా బామ్మర్దికి గట్లనే ఉండె అక్కా, గోలి ఏసుకుంటె పోయింది. భూమికి గోలి లేకపాయె.”

నవ్వుతూనే పని మాత్రం గట్టిగా చేశాడు. సుచిత్ర దగ్గరుండి చూసింది. గోడకూ బండకూ మధ్య వెంట్రుక సందు ఉన్నా వదలనివ్వలేదు, రెండుసార్లు కొట్టించి మళ్లీ పూయించింది. గుంటలో సిమెంటు ఆరేదాకా మగ్గం ఆగింది. తర్వాత శ్వేత మళ్లీ డబ్బా కట్టింది, శివరాత్రి నాటికి విప్పి తీసుకుపోయింది. ఈసారి నూటనలభై. ఫోనులో ఆ అంకె విన్నప్పుడు సుచిత్ర డాబా మీద బట్టలు ఆరేస్తోంది. పక్కనే పైపు మీద ఫ్యాన్ సన్నగా గుయ్యిమంటోంది. ఆ చప్పుడు ఆమెకు ఇంట్లో ఇంకో మనిషి కాపలా ఉన్నట్టు అనిపించింది. ఆ తర్వాత వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా, ఆమె చెవి ఒకటి ఆ చప్పుడు మీదనే ఉండేది.

అయితే గుంటలో సిమెంటు పడిన రోజునుంచి పడుగుకు తడి లేకుండా పోయింది. ఎంత చల్లినా నీళ్లు సిమెంటు మీద జారి గంటలో ఆరిపోతున్నాయి. పడుగు పాపడం లెక్క అయిందని దత్తాత్రి ఒక్కసారే అన్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇదివరకు ఆరు రోజుల్లో దిగే చీర తొమ్మిది రోజులకు దిగింది. దాని మీద సుచిత్ర చేతికి నలభై ఒక్క ముడులు తగిలాయి. అన్నిటికంటే ఎక్కువగా తగిలింది కొంగులో, గొల్లభామల వరుసలో. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ వేలెడంత ఆడమనిషి బొమ్మను దత్తాత్రి ఒక్కో పోగు వేలితో ఎత్తి నేస్తాడు. ఆ బొమ్మల ముఖాల మీద ముడులు పడ్డాయి. సుచిత్ర వాటిని వీలైనంత అదిమి, చీర మడత పెట్టింది. చేయి కుదురుకుంటుందిలే అనుకుంది.

నిజంగానే కుదురుకున్నట్టు కనిపించింది. మార్చిలో దిగిన మొదటి చీరలో పన్నెండు ముడులే ఉన్నాయి. సుచిత్ర సంతోషించి, ఆ పూట అతనికి ఇష్టమని సర్వపిండి చేసింది. దత్తాత్రి తలవంచుకుని తిన్నాడు. అదే వారం అతను సింధుజను అర్రలోకి రావద్దన్నాడు. ఫోను చప్పుడుకు పోగుల లెక్క తప్పుతోందట. ఫోను పైనే పెట్టి వస్తానన్నా ఒప్పుకోలేదు. ఇప్పుడు గాలి బాగుందని శ్వేతక్క చెప్పింది కదా బాపూ అని పిల్ల గునిసింది. అతను కసిరాడు. కూతుర్ని అతను కసరడం ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పిల్ల రెండు రోజులు ముఖం మాడ్చుకుని, తర్వాత పై గదిలోనే ఉక్కలో చదువుకుంది.

ఇప్పుడు ఏప్రిల్ చీర. మూడు ముడులు.

సుచిత్ర మంచం మీదనుంచి లేచింది. దత్తాత్రి నూలు కోసం చేనేత సంఘానికి పోయాడు, ఇంకో గంటకు గానీ రాడు. ఆమె ఎనిమిది మెట్లూ దిగింది. డాబా మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పైపు మీద చెయ్యి పెడితే సన్నటి వణుకు తెలుస్తోంది. అర్రలో అంతా ఎప్పటిలాగే ఉంది. కానీ పాత వాసన ఉంది. తొలకరి పడ్డప్పుడు లేచే మట్టి వాసన. సిమెంటు పోసినప్పటినుంచి ఆ అర్రలో లేని వాసన అది.

గుంటలో కాళ్ల కింద మెత్తగా ఉండడానికి గోనె పరిచి ఉంది. సుచిత్ర చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంటలోకి దిగి, వంగి గోనె పైకెత్తింది. దాని కింద సిమెంటు లేదు. అడుగునంతా, రెండు పక్కలా జానెడు ఎత్తుదాకా, ఉలితో నీటుగా చెక్కేసి ఉంది. ప్లాస్టిక్ పట్టాను కోసి చుట్టూ మడిచి పెట్టి ఉంది. మట్టి నల్లగా, నీళ్లు తాగి మెత్తగా ఉంది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. చెక్కిన సిమెంటు పెచ్చులన్నీ మగ్గం వెనక నూలు సంచిలో వేసి, మూతి కట్టి పెట్టి ఉన్నాయి.

ఆమె అట్లాగే గుంటలో నిలబడింది. నేల తెరిచి ఉంటే ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం లేదని శ్వేత చెప్పిన మాట గుర్తొచ్చింది. అంటే ఇన్నాళ్లూ తను విన్న చప్పుడు ఉత్త చప్పుడే. అంతలో ఇంకొకటి తట్టింది. సింధుజను ఇతను ఫోను కోసం తరమలేదు. తెలిసే తరిమాడు. కూతుర్ని పైకి పంపి, తను మాత్రం కింద కూర్చున్నాడు.

దత్తాత్రి నూలు మోపు దించి అర్రలోకి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. గోనె తీసి గోడకు వేసి ఉంది. అతను దాన్ని చూశాడు, గుంటను చూశాడు.

“ఎప్పుడు తీసినవు?” అని అడిగింది.

“శివరాత్రి ఎల్లినంక.”

“ఆ పిల్ల డబ్బా ఇప్పుకొని పోయినంక.”

“ఆఁ.”

నూలు మోపును చిలక్కొయ్యకు తగిలించి, అతను వచ్చి మగ్గం దగ్గర కూర్చున్నాడు. కాళ్లు మాత్రం గుంటలోకి దించలేదు.

“సిమెంటు పోసినంక అది మగ్గం గాదు సుచిత్రా. మొఖం కాడికి వచ్చేసరికి పుటుక్కుమంటది. ముక్కు మీద ముడి వడితే గొల్లభామకు అది ముక్కుపుల్ల కాదు, పుండైతది. గసొంటి చీర నా చేతిది అని ఎట్ల చెప్పాలె? నా చేతిల ఇంకేమన్న పని ఉన్నదా?”

“మామ గిట్లనే కూసున్నడు.”

“నలభై ఏండ్లు కూసున్నడు. నాకు ఇంక అన్నేండ్లు ఉన్నయా ఏంది? అందరికీ అయితదని ఆ పిల్ల కూడ చెప్పలే.”

“చెప్పలే. అయితే మరి సింధును ఎందుకు దిగనిస్తలేవు?”

అతను అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతిలోకి తీసుకున్నాడు. దాని కొసను బొటనవేలితో రుద్దాడు. కాసేపటికి అతను కాళ్లు గుంటలోకి దించి చెక్క తొక్కాడు.

మర్నాడు పొద్దున సుచిత్ర రాట్నం పట్టుకుని కిందికి దిగింది. నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం ఎప్పుడూ పై వరండాలో చేసే పని. ఆ రోజు మగ్గానికి రెండు గజాల దూరంలో చాప వేసుకుని కూర్చుంది. వంట ఎవరు చేయాలని పైనుంచి కొండవ్వ కేకేసింది. ఇయ్యాల్టి సంది నువ్వే చెయ్యాలె అత్తమ్మా అని సుచిత్ర కిందినుంచే చెప్పింది. కారణం ఏంటని ముసలామె అడగలేదు. కాసేపటికి పైన చెంబు కదిలిన చప్పుడైంది.

ఆ పూట దత్తాత్రి ఒక్కసారి తల తిప్పి, పైకి పొమ్మన్నాడు. నువ్వు లేస్తే లేస్తనన్నది ఆమె. సాయంత్రం ఆరున్నరకు అతను లేచాడు, అప్పుడే ఆమె కూడా లేచింది. రెండో రోజూ అంతే. ఆ రోజు అతను కొంగు మొదలుపెట్టాడు. నాడె అటూ ఇటూ పోతోంది, రాట్నం తిరుగుతోంది, తెరిచిన నేలలోంచి కనిపించనిది కనిపించకుండా వస్తూనే ఉంది. అది ముక్కుకు తెలియదు, గొంతుకు తెలియదు. సుచిత్రకు మాత్రం ఊపిరి తీసినప్పుడల్లా తీస్తున్నానని తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లలో ఊపిరిని ఎప్పుడూ ఇట్లా గమనించుకోలేదు. అతను కూడా గమనిస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆమె దీర్ఘంగా ఊపిరి తీసినప్పుడు నాడె ఒక్క క్షణం ఆగుతోంది. ఆగి, మళ్లీ పోతోంది.

అతనిది మొండితనం కాదని ఆమెకు అర్థమవుతూనే ఉంది. ఆ రెండు రోజుల్లో అతను నేసిన మూరెడు బట్టను చూస్తే, తప్పు పట్టడానికి ఆమె వేలికి ఒక్క ముడీ దొరకలేదు.

రెండో రోజు సాయంత్రం సింధుజ నిలదీసింది. తనను రావద్దన్న చోట అమ్మ ఎందుకు కూర్చుంటోందని అడిగింది. పిల్లకు పదిహేడేళ్లు. కథ అల్లి చెప్పడం సుచిత్రకు చేతకాదు. ఉన్నదంతా చెప్పింది. పిల్ల విని, పోయి పడుకుంది.

మూడో రోజు పదిగంటల వేళ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సింధుజ భౌతికశాస్త్రం పుస్తకం పట్టుకుని వచ్చి, ఐదో మెట్టు మీద కూర్చుంది.

దత్తాత్రి చెక్క మీద కాలు ఆపాడు. “పైకి పో బిడ్డా.”

“మీరిద్దరు కూసుంటే నేనెందుకు కూసోవద్దు బాపూ?”

అతను సుచిత్ర వైపు చూశాడు. పిల్లను పంపమని ఆ చూపు. పంతొమ్మిదేళ్ల కాపురంలో అతను ఆమెను నోటితో గానీ కంటితో గానీ ఇంతగా ఏదీ అడగలేదు.

సుచిత్రకు తెలుసు. ఒకటి రెండు రోజులతో ఏమీ కాదని, ఏళ్ల లెక్కేనని శ్వేత ఆ రోజే చెప్పింది. ఆ సంగతి దత్తాత్రి కూడా విన్నాడు. తెలిసినా సరే, ఐదో మెట్టు మీద పిల్ల ఛాతీ లేస్తూ దిగుతూ ఉంటే, ఆ చదువు ఆమెకు ఎందుకూ అక్కరకు రాలేదు. పిల్లను నేను రమ్మనలేదు అనుకుంది. పొమ్మనకపోవడం కూడా రమ్మనడమేనని వెంటనే తెలిసింది. నోరు తెరిస్తే లేచి పొమ్మనే మాటే వస్తుంది. ఆమె తల దించుకుని రాట్నం తిప్పింది. నూలు కండె మీద సరిగ్గా పడడం లేదు, ఒకే పక్క కుప్పగా పోతోంది. చూస్తూనే అట్లాగే చుట్టింది.

అతను మళ్లీ నేత మొదలుపెట్టాడు. గొల్లభామ ముఖం నడుస్తోంది. ఒక పోగు ఎత్తి, రంగు నూలు దూర్చి, దించి, నేత బిగించే పలక కొట్టాడు. ఇంకో పోగు. ఇంకోటి. పైన వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోయారు. సింధుజ పుస్తకంలో పేజీ తిప్పింది. ముఖం పూర్తయింది, ఒక్క పోగు తెగలేదు. కుండ మొదలైంది. పిల్ల ఆవలించింది. నోరంతా తెరిచి, గుండె నిండా గాలి పీల్చుకుని, మెల్లగా వదిలింది.

దత్తాత్రి చేతులు ఆగిపోయాయి.

అతను గుంటలోంచి కాళ్లు పైకి తీసుకున్నాడు. మగ్గం గుంజకు వేలాడుతున్న కత్తెర తీసి, లేచి, పడుగు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఏం చేయబోతున్నాడో సుచిత్రకు ఆ క్షణంలోనే అర్థమైంది. చీర సగంలో ఉండగా పడుగును కోయడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. రాజమల్లయ్య పోయిన రోజున కూడా సగం చీర మగ్గం మీదనే ఉంది. పన్నెండో రోజు తర్వాత దత్తాత్రి దాన్ని పూర్తి చేసే దింపాడు.

“ఎందుకు,” అన్నది ఆమె. “గీ చీర వరకు దించు. తర్వాతనే సిమెంటు పోయిద్దాం.”

“పడుగు ఉంటె రేపు మళ్ల దిగుత,” అన్నాడు.

కత్తెర పెట్టాడు. బిగించి ఉన్న పోగులు తెగినచోటునుంచి రెండు వైపులకూ వెనక్కి గుంజుకుపోయాయి. తడి పోగులు కనుక పెద్ద చప్పుడు కాలేదు. అతను గుప్పెడు గుప్పెడు పట్టుకుని, తొందర లేకుండా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా కోసుకుంటూ పోయాడు. గొల్లభామ ముఖం వరకే ఉంది, కుండ అంచు దగ్గర ఆగింది. కత్తెర మళ్లీ గుంజకు తగిలించి, మెట్లు ఎక్కాడు. సింధుజ గోడకు ఒదిగి దారిచ్చింది. పిల్ల తల మీద చెయ్యి పెడతాడేమో అనిపించింది గానీ పెట్టలేదు. పిల్ల కాసేపు తల్లి వైపు చూసి, ఏడుపు ఆపుకుంటూ తండ్రి వెనకనే పైకి పోయింది.

సుచిత్ర ఒక్కతే మిగిలింది. మగ్గం నుంచి నేసినంత చీర విప్పి చుట్ట చుట్టింది. రెండు గజాలు కూడా లేదు. కట్టుకోవడానికి పనికిరాదు, అమ్మడానికి అంతకంటే పనికిరాదు. దాన్ని తడమాలని అనిపించలేదు.

కాసేపటికి కొండవ్వ, ఎన్నో ఏళ్లకు మొదటిసారి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. కింది మెట్టు మీద నిలబడి, వేలాడుతున్న పోగుల వైపు చాలాసేపు చూసింది. చూపు సరిగ్గా ఆనకపోయినా, ఏం జరిగిందో తెలియనంత మసక కాదు.

“ఎవలు కోసిన్రు?”

“నీ కొడుకే. నేను కోయించిన అత్తమ్మా.”

ముసలామె తల ఊపింది. “మీ మామ ఉన్నప్పుడు నాకు గీ సంగతి ఎవ్వలు చెప్పలే,” అన్నది. తర్వాత సుచిత్ర వైపు చూడకుండానే ఇంకో మాట అన్నది. “చెప్పినా, నీ లెక్క పిల్లను తెచ్చి మెట్ల మీద కూసుండబెడుదునో లేదో.”

అది మెచ్చుకోవడమో దెప్పడమో సుచిత్రకు తెలియలేదు. తేల్చుకోవాలనీ అనుకోలేదు. శైలేందర్‌కు ఫోను చేసి సిమెంటు తీసుకుని రమ్మనాలి, ఇవాళే రమ్మనాలి అనుకుంటూ చీర చుట్టను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

పైన, సరిగ్గా వాళ్ల తల మీది గదిలో, దత్తాత్రి దగ్గాడు. ఒక్కసారే. ఇద్దరు ఆడవాళ్లూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగి, ఇంకో దగ్గు వస్తుందేమోనని చెవి పెట్టారు.